మగ్గం నుంచి మ్యూజిక్ హాలు దాకా...

స్కాట్లాండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్ నేతకు పెట్టింది పేరు. విలియం కార్నెగీ ఆ ఊళ్లో ఓ నేతన్న. ఆవిరితో నడిచే మరమగ్గాలు వచ్చాక అతని చేతిమగ్గం మూలపడింది. ఇల్లు గడవడానికి భార్య మార్గరెట్ బూట్లు కుట్టే పని పట్టుకుంది. అయినా లాభం లేకపోయింది. చివరికి 20 పౌండ్లు అప్పు చేసి, 1848లో ఇద్దరు కొడుకులతో అమెరికా ఓడ ఎక్కారు. పెద్దవాడు ఆండ్రూకి అప్పుడు పన్నెండేళ్లు!

పిట్స్‌బర్గ్ పక్కనే ఉన్న అలెఘెనీకి చేరగానే ఆండ్రూ నూలు మిల్లులో కండెలు అందించే పనిలో కుదిరాడు. రోజుకి 12 గంటల చాకిరీ. వారానికి జీతం 1 డాలరు 20 సెంట్లు. మరుసటి ఏడాది టెలిగ్రాములు పంచే ఉద్యోగం వచ్చింది. ఊళ్లోని నాటకశాలకు టెలిగ్రాం వచ్చిందంటే ఆ కుర్రాళ్లకు పండగే. కావాలనే ఆలస్యం చేసి, సరిగ్గా నాటకం మొదలయ్యే వేళకి పట్టుకెళ్లేవారు. మేడ మీదికెళ్లి చూస్తామని మేనేజర్ని బతిమాలుకునేవారు. షేక్‌స్పియర్ మీద ఆండ్రూకి మమకారం అలా పుట్టింది. కల్నల్ జేమ్స్ ఆండర్సన్ అనే పెద్దమనిషి తన ఇంట్లోని 400 పుస్తకాలను పనిచేసే కుర్రాళ్లకు శనివారాల్లో అరువిచ్చేవాడు. చదువు ఆగిపోయిన పిల్లాడికి అదే బడి అయింది.

తర్వాత రైల్వే ఉద్యోగం, వంతెనలు, చివరికి ఉక్కు... కోట్లు వచ్చిపడ్డాయి. ధనవంతుడిగా చచ్చిపోవడం సిగ్గుచేటని 1889లో రాశాడు కార్నెగీ. 1891లో న్యూయార్క్‌లో ఆయన సొమ్ముతో కట్టిన సంగీతశాల ప్రారంభోత్సవానికి రష్యా నుంచి చైకోవ్‌స్కీ వచ్చి వాద్యబృందాన్ని నడిపించాడు. అదే కార్నెగీ హాల్.

ఆ మరుసటి ఏడాదే మాయని మచ్చ పడింది. హోమ్‌స్టెడ్ ఉక్కు మిల్లులో జీతాల కోత పెట్టారు. ఒప్పుకోని కార్మికులను గేటు బయటే నిలిపేశారు. 1892 జులై 6న యాజమాన్యం రప్పించిన 300 మంది కిరాయి కాపలాదార్లకీ కార్మికులకీ మధ్య కాల్పులు జరిగాయి. ఇరువైపులా కలిపి కనీసం పదిమంది ప్రాణాలు పోయాయి. యూనియన్ కుప్పకూలింది. అప్పుడు కార్నెగీ స్కాట్లాండ్‌లో ఉన్నాడు. మిల్లు పగ్గాలు భాగస్వామి హెన్రీ ఫ్రిక్ చేతిలో ఉన్నా, నింద ఇద్దరి మీదా పడింది.

1895లో పిట్స్‌బర్గ్‌లో గ్రంథాలయం, సంగీతశాల, చిత్రశాల ఒకేచోట వెలిశాయి. మరుసటి ఏడాది నుంచే అక్కడ అంతర్జాతీయ చిత్రకళా ప్రదర్శనలు మొదలయ్యాయి. 1898లో హోమ్‌స్టెడ్ కార్మికుల కోసం కూడా గ్రంథాలయం, సంగీతశాల, ఈత కొలను కట్టించాడు. పన్నెండేసి గంటలు కొలిమి దగ్గర కాలినవాడికి పుస్తకం తెరిచే ఓపిక ఎక్కడిది? కండెలు మోసిన ఆండ్రూకి ఆ అలసట తెలియంది కాదు. ఉక్కు రారాజు కార్నెగీ మాత్రం జీతం పెంచడం కన్నా గ్రంథాలయం ఇవ్వడమే మేలనుకున్నాడు.

1901లో కంపెనీని 48 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. 1919లో కన్నుమూసేలోగా దాదాపు 35 కోట్ల డాలర్లు పంచిపెట్టాడు. 2,509 గ్రంథాలయాలకు, 7 వేలకు పైగా చర్చి ఆర్గాన్లకు ఆ డబ్బే ఆధారం.

హోమ్‌స్టెడ్ మిల్లు 1986లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు దుకాణాలు వచ్చాయి. గుట్టమీది గ్రంథాలయం మాత్రం అలాగే ఉంది. దాని సంగీతశాలలో ఇప్పటికీ కచేరీలు జరుగుతున్నాయి. అందులో కార్నెగీ సొమ్ము ఎంతుందో, ఆ కార్మికుల చెమటా అంతే ఉంది.