ఫ్లోరెన్స్ అరుగు నుంచి కోఠీ మెట్ల దాకా

ఫ్లోరెన్స్, మొదటి ఉత్తరం

అన్నయ్యకు,

పలాజో అంటే రాజుగారి కోటే కానక్కర్లేదు. ఊరి నడుమ, వీధి అంచునే, డబ్బూ పలుకుబడీ ఉన్న కుటుంబం కట్టుకున్న మేడకీ ఇటలీలో అదే పేరు. 15వ శతాబ్దపు ఫ్లోరెన్స్‌లో ఇలాంటివి కట్టించినవాళ్లలో చాలామంది బ్యాంకు వ్యాపారులు, ఉన్నిబట్టల వర్తకులు. కిరీటం లేనివాళ్లు కనక వాళ్ల హోదా అంతా ఇంటిగోడే చెప్పాలి.

మెడిచీల ఇల్లు వీటికి ఒజ్జబంతి. కోసిమో మెడిచీ కోసం మికెలోజో అనే వాస్తుశిల్పి 1444లో మొదలుపెట్టాడు. అంతకుముందు మరో వాస్తుశిల్పి బ్రునెలెస్కీ ఇంకా ఘనమైన నమూనా చేసిచ్చాడనీ, ఊరి కళ్లు పడతాయని కోసిమో దాన్ని పక్కన పెట్టాడనీ కళాకారుల జీవితాలు రాసిన వసారి చెప్పిన కథ. అణకువ చూపించి కట్టిన ఈ ఇల్లు కూడా వీధినంతా ఆక్రమించినట్టే ఉంటుంది. కింది అంతస్తు రాళ్లను అప్పుడే క్వారీ నుంచి దించినట్టు ఉబ్బెత్తుగా, మొరటుగా వదిలేశారు. రెండో అంతస్తులో రాయి నునుపుదేరి, అతుకు గీతలు మాత్రం మిగులుతాయి. మూడోదానికి వచ్చేసరికి ఆ గీతలూ మాయం. అంతస్తు అంతస్తుకీ ఎత్తు కూడా తగ్గుతుంది. అందుకే కింద కోటలా బెదిరించే గోడ పైకి పోయేకొద్దీ ఇల్లులా మెత్తబడుతుంది. చూరు ఉండాల్సిన చోట బరువైన రాతి కార్నిసు వీధి మీదికి పొడుచుకొస్తుంది.

గోడ అడుగున రాతి అరుగు. పనిమీద వచ్చినవాళ్లూ, పనేమీ లేనివాళ్లూ అక్కడే కూర్చునేవారు. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో వీధి అరుగు ఎవరి కోసమో ఇదీ వాళ్ల కోసమే. ఇంటి మూలన మొదట తెరిచిన వసారా కూడా ఉండేది. 1517 ప్రాంతంలో దాన్ని మూసేసి, మికెలాంజిలో గీసిన కిటికీలు పెట్టారు. వాటి కింది రాతి ఆధారాలు వంగిన మోకాళ్లలా ఉంటాయి కనక మోకరిల్లిన కిటికీలని పేరు వచ్చింది.

వాకిలి దాటితే నాలుగు వైపులా స్తంభాలూ కమానులూ ఉన్న ముంగిలి. శిల్పి దొనతెల్లో చేసిన కంచు డేవిడ్ విగ్రహం ఒకప్పుడు ఇక్కడే నిలబడింది. మండువా లోగిలి ఎరిగినవాళ్లకు ఈ చోటు కొత్తగా అనిపించదు, కానీ పోలిక ఎక్కువ దూరం సాగదు. మండువాలో కప్పులు వాననీటిని లోపలికి దించుతాయి, ఇంటిల్లిపాదీ దాని చుట్టూనే బతుకుతారు. ఇక్కడ కింద సరుకులు, గుర్రాలు, లెక్కల గదులు. యజమాని కాపురం మేడమీద. ఆ అంతస్తును పియానో నోబిలే అంటారు, అంటే దొరల అంతస్తు. ఇంటి ప్రార్థనామందిరం కూడా అక్కడే. 1459లో బెనోజో గొజోలి దాని గోడల మీద బాల యేసును చూడబోయిన జ్ఞానుల ఊరేగింపు చిత్రించి, అందులో మెడిచీల ముఖాలు కలిపేశాడు.

ఫ్లోరెన్స్, రెండో ఉత్తరం

అన్నయ్యకు,

స్ట్రోజీల మేడ ఇంకా పెద్దది. ఫిలిప్పో స్ట్రోజీ చుట్టుపక్కల ఇళ్లు కొని పడగొట్టించి, జ్యోతిష్కుల చేత ముహూర్తం పెట్టించి, 1489 ఆగస్టు 6న శంకుస్థాపన చేశాడు. శంకుస్థాపనకు ముందు పంచాంగం తిరగేసే మనవాళ్లకు ఇది వింత కాదు. ముహూర్తం మేడకు పనికొచ్చిందేమో గానీ ఆయనకు కాదు. 1491లో పోయాడు. పని 1538 దాకా సాగింది.

మన విశాఖ ఉక్కునగరం వాళ్ల కళ్లు ఇక్కడ ముందుగా ఇనుము మీదికే పోతాయి. గుర్రాలు కట్టే కడియాలు, కాగడాల దోపులు, మూలల్లో ముళ్లు విచ్చుకున్న లాంతర్లు, అన్నీ నికోలో గ్రోసో అనే కమ్మరి కొలిమి పని. బయానా చేతిలో పడందే సుత్తి ఎత్తడని అతనికి కపార్రా అనే పేరు స్థిరపడింది. కపార్రా అంటే బయానా.

రుచెల్లాయ్ మేడ దారి వేరు. వాస్తుశిల్పి అల్బెర్టీ దాని గోడకు రాళ్ల మొరటుతనం తగ్గించి, రోమను కట్టడాల్లోలాగా అంతస్తుకో వరస చదును స్తంభాలు అతికాడు. అవి ఏ బరువూ మోయవు. గోడకు లెక్క నేర్పుతాయి, అంతే.

విచెంజా

అన్నయ్యకు,

వాస్తుశిల్పి పల్లాడియో 1550 ప్రాంతంలో మొదలైన కియెరికాతి మేడలో ఫ్లోరెన్స్ పద్ధతిని తిరగేశాడు. వీధి వైపే రెండంతస్తుల స్తంభాల వసారాలు తెరిచాడు. కింద డోరిక్ తరహా స్తంభాలు, పైన అయోనిక్ తరహావి. ఆ చోటు అప్పట్లో ఊరి చివర, నదుల ఒడ్డు. అందుకే ఇంటిని వరదకు అందనంత ఎత్తున నిలిపాడు. విశాఖ బీచ్ రోడ్డులో జయపురం మహారాజు కట్టించిన హవా మహల్ పేరులోనే గాలి ఉన్నట్టు, ఈ మేడ కూడా గాలీ వెలుతురూ కోరి కట్టినదే.

1570లో పల్లాడియో అచ్చు వేయించిన నాలుగు భాగాల వాస్తు గ్రంథంలో ఇళ్ల నక్షాలు కొలతలతో సహా ఉన్నాయి. ఇటలీ ముఖం చూడని ఇంజనీరు కూడా దాన్ని ముందు పెట్టుకుని కట్టేయగలడు. ఇంగ్లీషువాళ్లు దాన్ని తలకెత్తుకున్నారు. వాళ్లతోపాటే ఆ పద్ధతి మద్రాసుకూ హైదరాబాదుకూ వచ్చింది.

హైదరాబాద్

అన్నయ్యకు,

కోఠీలోని రెసిడెన్సీని బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్దం మొదట్లో కట్టించాడు. నక్షా మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రస్సెల్‌ది. ముందు ఆరు కొరింథియన్ స్తంభాలు, వెడల్పాటి మెట్లు, అటూ ఇటూ సింహాలు. విచెంజాలో కనిపించిన కిటుకే ఇక్కడా కనిపిస్తుంది. రాయిలా కనిపించేది లోపల ఇటుక, పైన సున్నపు గార. పల్లాడియో కూడా చాలాచోట్ల ఇటుక మీద గార పూసి రాయి అనిపించినవాడే.

ముఖం ఇటలీది. వెనక మాత్రం కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా కోసం రంగ్ మహల్ అనే జనానా, మొగలాయి పద్ధతిలో, విడిగా ఉండేది. తర్వాత పడగొట్టేశారు. ఇంట్లో ఎక్కువ ఆలోచన చేసి కట్టిన భాగం బహుశా అదే, మిగిలింది మాత్రం ముందు భాగం.

1884లో హైదరాబాదు అమీరు వికారుల్ ఉమ్రా మొదలుపెట్టిన ఫలక్‌నుమా కూడా ఈ వంశంలోదే. కింద అయోనిక్, పైన కొరింథియన్ స్తంభాల వసారాలు. అది గుట్ట మీద ఊరికి దూరంగా ఉన్న విలాస భవనం, వీధి మేడ కాదు. కాబట్టి దానికి అరుగు అవసరం లేదు. ఖర్చు యజమాని తాహతును మించి, చివరికి నిజాం చేతికి పోయింది. 2010 నుంచి హోటలు.

కోఠీ భవనం 1949లో మహిళా కళాశాలకు దక్కింది. కళాశాల 2022లో విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది.