గిటారు మీద ఉత్పలమాల

పద్యం చదవడంలో రెండు పనులున్నవి. గురులఘువులు చెడకుండా అక్షరాలను నడిపించడం మొదటిది. చివర రాగాన్ని పట్టి నిలపడం రెండవది. ముప్పై యేండ్లకు పైగా తరగతి గదులలో ఈ రెండూ చేసిన నా గొంతు ఇప్పుడు రెండవదానికి పనికిరాదు. స్వరతంత్రుల మీద బొడిపెలున్నవి, గొంతెత్తరాదని వైద్యుని మాట. అందుచేత జనగామలోని మా యింటికి ఎలక్ట్రిక్ గిటారు వచ్చింది. "ఈ వయసులో మీకిదేమి పిచ్చి?" అని అడిగిన మిత్రులకు సమాధానమే ఈ టపా.

గిటారు మీటగానే గట్టిగా పలికి, ఆ వెంటనే క్షీణిస్తుంది. మాండలిన్‌దీ ఇదే స్వభావం. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ జంటతీగల మాండలిన్‌ను కాదని, అయిదు ఒంటితీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు పలికించారు. 2014లో కన్నుమూసేలోగా, విద్యుత్తు తోడైతే పరదేశపు వాద్యమూ మన రాగాన్ని మోయగలదని లోకానికి వినిపించారు.

ఆ తోడు కొరకే నా పాదాల ముందు అయిదు పెడళ్ళు. కంప్రెసర్ పెద్ద ధ్వనిని అణచి, సన్నగిల్లే ధ్వనిని లేపి, స్వరానికి నిడివినిస్తుంది. ఓవర్‌డ్రైవ్ కొంచెం జీర కలిపి మరికాస్త నిలుపుతుంది. వాల్యూమ్ పెడల్ మూసి మీటి, మెల్లగా తెరిస్తే మీటు దెబ్బ వినబడదు. స్వరం గొంతులోనుండి లేచినట్లు లేస్తుంది. డిలే పలికినదాన్నే మళ్ళీ పలుకుతుంది. మా జిల్లా మాణిక్యాపురానికి చెందిన ఒగ్గుకథా చక్రవర్తి చుక్క సత్తయ్య గారి వంటి వారి కథ విన్నవారికి వేరే చెప్పనక్కరలేదు, అది వంత! చివరిదైన రివర్బ్ గుడి మండపంలో పాడినట్లు ధ్వనిని పరుస్తుంది.

వీటి వరుస మారరాదు. రాజభటుడు వేరు, భటరాజు వేరు గదా! డిలేను ఓవర్‌డ్రైవ్‌కు ముందు పెడితే వంతలు కూడా జీరపోయి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వాల్యూమ్ పెడల్ డిలేకు ముందుంటే, దాన్ని మూసిన తరువాత కూడా వంత దానంతటది సాగి ఆరిపోతుంది.

మహబూబాబాదులో పనిచేసిననాటి వడ్రంగి మిత్రుడు టేకు పట్టీలతో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు పీట చేసిపెట్టాడు. పట్టీల సందులలోనుండి తీగలన్నీ అడుగుకు పోతాయి. నా పెడళ్ళన్నింటికీ 9 వోల్టుల డీసీ కావాలి. పిన్ను నడుమ ఋణధ్రువం. ఇంట్లోని ఇతర అడాప్టర్లు చాలావరకు దీనికి విపర్యయం, వాటిని తగిలించరాదు. ఒకే అడాప్టరును అన్నింటికీ పంచితే డిజిటల్ డిలే కూత మిగిలినవాటిలో చొరబడుతుంది గనుక, విడివిడి సరఫరాలిచ్చే పెట్టె కొన్నాను.

అయినా రొద పోలేదు. తీగలు తాకితే ఒక్కొక్కసారి చురుక్కుమనేది. భూపాలపల్లి బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్ అయిన మా మేనల్లుడు వచ్చి ప్లగ్గు విప్పి చూశాడు. "మామా, ఈ మూడో రంధ్రం ఉత్తదే. లోపట తీగనే లేదు" అన్నాడు. పెరటిలో గొయ్యి తీయించి, ఉప్పు, బొగ్గు పొరలు వేయించి ఎర్తింగు కట్టాడు. చురుకు పోయింది, రొద చాలావరకు అణగింది. పెడళ్ళు కొనేముందు ఎర్తింగు చూపించుకోండి మిత్రులారా! ఇది ప్రాణంతో పని.

ఇక వాయించడం. ఉత్పలమాలలో మూడవది నగణం, మూడు లఘువులు. డిలే వేసివుంటే ఆ మూడూ వంతలతో కలిసి చిక్కుపడతాయి. కనుక పాదాలు నడిచినంతసేపూ డిలే ఆపి, చివరి గురువు దగ్గర కాలితో నొక్కి రాగం తీస్తాను. చేతులు రెండూ తీగల మీద ఉన్నప్పుడు ఈ పని చేయగలిగినది కాలొక్కటే. పీట కట్టుకొన్నది ఇందుకే.

యతిప్రాసలు మాత్రం దక్కవు. అక్షరమే లేనిచోట అక్షరమైత్రి ఎక్కడిది? మొన్న వచ్చిన పాత విద్యార్థి ఒకడు రెండు పాదాలు విని, "ఉత్పలమాల గదా సార్?" అన్నాడు. ఏ పద్యమో చెప్పలేకపోయాడు. అది నేనే, గొంతెత్తకుండా, మెల్లగా చదివి వినిపించాను.