వేలికి తెలిసిన చోటు

2025 నవంబరు 1, సత్యవేడు

పాలు పోసే అవ్వ ఒకామె పక్క పల్లె నుంచి పొద్దున్నే, ప్రింట్లు తీసి ఫోన్ పనులు చేసిపెట్టే మా అంగడికి వచ్చింది. పాల డబ్బులు బ్యాంకులో పడతాయి. తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మనవడికి నెలనెలా ఫోన్లోంచే పంపుతుంది. ఆమెకు చదువు రాదు, పంపడం మాత్రం బాగా వచ్చు. మనవడు నేర్పించిపోయినాడు: యాప్ తెరిచినాక పైనుంచి రెండో వరస, ఎడమ పక్క మొదటి బొమ్మ, అది నొక్కితే వాడి ఫోటో, ఆ తర్వాత అంకెలు.

"నాయనా, మనిషి బొమ్మ ఈడ ఉండె కదా. ఇప్పుడు నొక్కితే ఇంకేందో వస్తా ఉంది. దినమంతా ఎవరెవరో ఫోన్ చేస్తా ఉండారు."

తీసి చూశాను. యాప్ తనంతట తానే అప్‌డేట్ అయింది. మనిషి బొమ్మ మూడో వరసలోకి దిగింది. అది ఉండిన చోట, అదే కొలతలో, అదే రంగులో, అప్పు ఇస్తామనే బొమ్మ కూర్చుంది. అవ్వ వేలు తనకు తెలిసిన చోటికే పోయింది. లోపల సమ్మతి గడిలో టిక్కు ముందే పెట్టి ఉంది, కింద పెద్ద బటన్ ఉంది. ఆమె నొక్కింది. ఫోన్లు మొదలైనాయి. చీకట్లో కూడా తడుముకోకుండా తిరిగే ఇంట్లో రాత్రికి రాత్రి పొయ్యి తీసి పడకింట్లో పెట్టినట్టు ఉంది ఈ పని.

మనవడికి పంపిపెట్టమని ఫోను నా చేతికిచ్చి, పిన్ నంబరు గట్టిగా చెప్పేసింది. బెంచీ మీద ఇంకో ముగ్గురు కూర్చుని ఉన్నారు. "అవ్వా, అది ఎవరికీ చెప్పకూడదు, నాకు కూడా" అన్నాను. "నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పేది?" అనింది.

పోతా పోతా, "నాకే తెలీలేదు నాయనా, ముసలిదాన్ని" అనింది. ఈ మాట మాత్రం నాకు మింగుడు పడదు. ఆమెకు తెలుసు. తెలిసినదాన్ని తెలియకుండా చేసినవాళ్ళు వేరే ఊళ్ళో ఉన్నారు.

నవంబరు 3

మొన్నటి నుంచి అదే ఆలోచన. బ్యాంకులు, పోలీసులు, రేడియో, అందరూ పిన్ ఎవరికీ చెప్పొద్దనే చెబుతారు. మంచి మాటే. కానీ నెలకో రకంగా మారే తెర ముందు మనిషి నిలబడలేడు. పక్కవాడి చేతికి ఫోన్ ఇవ్వక తప్పదు. ఇచ్చినాక పిన్, ఓటీపీ, ఖాతాలో ఎంత ఉందో అన్నీ వాడివే. తెర తికమకగా ఉంటే పోయేది పది నిమిషాల కాలం ఒక్కటే కాదు, గుట్టు కూడా పోతుంది. ఆడవాళ్ళు దాచుకున్న డబ్బు ఎంతో మొగుడికి, కొడుక్కి తెలిసిపోయేది ఈ దారిలోనే. ఈ బెంచీ మీద కూర్చునే ఎందరో తమ ఖాతా సంగతులు పదిమంది ముందు విప్పాల్సి వస్తోంది.

నవంబరు 4

మధ్యాహ్నం ఎండలో ఒక రైతు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. తెల్ల తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు. చెయ్యి అడ్డం పెట్టుకుని చూసినా కనపడక నీడలోకి వచ్చినాడు. ఆయనకు శుక్లం ఆపరేషన్ ఒక కంటికే అయింది.

అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు ఎప్పుడో చెప్పాయి. లెక్క కట్టే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. అయినా లేత బూడిద రంగే. పాత కాలం తెరల మీద బటన్ ఉబ్బెత్తుగా, అంచుకు నీడతో, నొక్కమన్నట్టు ఉండేది. 2012లో విండోస్ 8, 2013లో ఐఫోన్ ఏడో రకం సాఫ్ట్‌వేర్ వచ్చినప్పటి నుంచి అన్నీ చదునైపోయాయి. ఏది బటనో, ఏది ఉత్త రాతో, ఏది ప్రకటనో నొక్కి చూస్తే గానీ తెలియదు. నొక్కి చూడటానికి భయపడే మనిషికి ఇక దారేది? మూడు అడ్డగీతలు, మూడు చుక్కలు: వీటి వెనక ఏముందో నేను రోజూ నోటితో చెప్పాల్సి వస్తోంది.

చేతిలో పట్టే పాత బటన్ ఫోన్లలో 5 మీద చిన్న బొడిపె ఉండేది. కళ్ళు లేని మనిషి కూడా దాన్ని తడిమి మిగతా తొమ్మిది అంకెలూ పట్టేవాడు. ఎంత ఆలోచించి పెట్టారో.

నవంబరు 7

తమిళనాడులోని ఊత్తుకోట్టై ఇక్కడికి దగ్గర. కండలేరు జలాశయం నుంచి వచ్చే కాలువ మన మండలాల మీదుగానే తమిళనాడులోకి దిగి పూండి జలాశయం చేరుతుంది. నీళ్ళు అటు పోతాయి, సెల్ సిగ్నల్ ఇటు వస్తుంది. ఫోన్ తమిళనాడులో ఉన్నాననుకుంటుంది. ఈరోజు ఒకతని ఫోన్లో సరుకుల యాప్ మొత్తం తమిళంలో తెరుచుకుంది. ఈ ఊళ్ళో సగం మందికి ఇంట్లో ఒకటి, బజార్లో ఒకటి, రెండు భాషలూ నోట్లో ఆడతాయి. చదవడం దగ్గరికి వస్తే, తెలుగు బడిలో చదివినవాడికి తమిళ అక్షరం రాదు.

భాష మార్చుకునే చోటు ఉంది. అది ఆరు మెట్ల లోపల ఉంది. ఆ ఆరు మెట్లూ తమిళంలోనే ఉన్నాయి. తెలుగు అన్న మాటను తెలుగు లిపిలో మొదటి తెర మీదే పెడితే అయిపోయేది. మనిషి ఎక్కడ నిలబడ్డాడో చూసి వాడి భాషేదో తీర్మానించే వాళ్ళు సరిహద్దు ఊరు ఎప్పుడూ చూసి ఉండరు.

నవంబరు 9

తెలుగులోకి మార్చినా బాధ తీరదు. గడి ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి పెట్టారు. మన అక్షరానికి పైన గుడి కావాలి, కింద వత్తు కావాలి. ఒక ఫారంలో 'రద్దు' బటన్ మీద ద వత్తు సగం తెగిపోయి ఉంది. ఒకామె పేరు లక్ష్మి అని కొడితే వత్తులు గీత కింద మాయమైనాయి. పేరు సరిగా పడిందా లేదా అని ఆమె అడిగితే ఏం చెప్పను?

2018 ఫిబ్రవరిలో జరిగింది చాలామంది మరిచిపోయారు. జ్ఞా అనే ఒక్క అక్షరం మెసేజ్‌గా వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. అక్షరాన్ని తెర మీద గీసే సాఫ్ట్‌వేర్‌కు దాన్ని పేర్చడం చేతకాలేదు. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. ప్రపంచమంతా మన అక్షరాన్ని బాంబు అని రాసింది. కోట్ల మంది బళ్ళో దిద్దుకున్న అక్షరం అది. ఫోన్ బజార్లోకి పంపేముందు తెలుగులో సరిగా పరీక్ష చేసి ఉంటే ఆ వార్తే ఉండేది కాదు.

నవంబరు 12

రిటైరైన కేంద్ర ఉద్యోగి ఒకాయన బతికున్నట్టు సర్టిఫికెట్ కోసం వచ్చాడు. నెలాఖరుకు గడువు. ఆ సర్టిఫికెట్‌ను డిజిటల్‌గా ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో మొదలైంది. ముఖం చూపించి ఇంట్లోనే చేసుకునే వీలు తర్వాత వచ్చింది. బ్యాంకు గడప దగ్గర వరస కట్టే పని తప్పింది. ఆయన పని కుదురుగా అయిపోయింది, సంతోషంగా పోయినాడు. తెరను ఎప్పుడూ తిట్టేవాడిగా ఉండటం నాకిష్టం లేదు. ఇది మేలు చేసే పని.

ఆయన పోయినాక మాత్రం ప్రజ్ఞా ప్రసూన్ కేసు గుర్తొచ్చింది. ఆమె మీద యాసిడ్ దాడి జరిగింది, కళ్ళు దెబ్బతిన్నాయి. బ్యాంకు ఖాతా తెరవబోతే తెర ముందు కనురెప్ప ఆర్పమన్నారు. రెప్ప ఆర్పితేనే బతికున్న మనిషి అని లెక్క. ఆమె ఆర్పలేకపోయింది. సుప్రీంకోర్టు దాకా పోయింది. చూపు లేని అమర్ జైన్ వేసిన పిటిషన్‌తో కలిపి విని, 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు ఇచ్చింది: డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగం. ఖాతాదారు ఎవరో తెర మీద నిర్ధారించే ఈకేవైసీ పద్ధతులు అందరికీ అందేలా మార్చాలని 20 ఆదేశాలు ఇచ్చింది.

బటన్ ఏ మూల పెట్టారు, ఎన్ని సెకన్లు ఇచ్చారు అనేవి అలంకారం సంగతులని అనుకునేవాళ్ళు ఆ తీర్పు చదవాలి.

నవంబరు 15

ఇక్కడికి దగ్గరలోని పారిశ్రామికవాడ శ్రీసిటీలో ఫోన్లు బిగించే కంపెనీలో పనిచేసే అమ్మాయి ప్రింటు కోసం వచ్చింది. 2015 ఆగస్టులో షావోమీ మన దేశంలో తయారైన తన మొదటి ఫోన్‌ను విశాఖలో విడుదల చేసింది. అది శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ వాళ్ళు బిగించిందే. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు ఎంతమందో ఆ పనికి పోతున్నారు.

"తెర నాలుగు మూలలూ నొక్కి చూస్తామన్నా. ఒక్క చోట పలకకపోయినా పక్కన పెట్టేస్తాం" అని చెప్పింది. వినడానికి ముచ్చటేసింది. గాజు అంత నిక్కచ్చిగా పరీక్షకు నిలబడుతుంది. దాని మీద కనిపించేదాన్ని ఇట్లా ఎవరైనా పక్కన పెడుతున్నారా? ఆ అమ్మాయి వాళ్ళమ్మకు ఫోన్ కొనిచ్చింది. వాళ్ళమ్మ ఎత్తడం, మాట్లాడటం తప్ప ఇంకేదీ ముట్టుకోదట, ఏమైనా డబ్బు పోతుందేమోనని.

నవంబరు 18

ఒక కుర్రవాడు బస్సు టికెట్టు కోసం వచ్చాడు. ఒక యాప్‌లో టికెట్టు ధరకు ఇన్సూరెన్సు, ఏదో విరాళం తగులుకుని ఉన్నాయి. తీసేయాలంటే ఆవగింజంత గుర్తు నొక్కాలి. తీసేస్తే "నా ప్రయాణానికి రక్షణ అక్కర్లేదు" అని ఒప్పుకునే మాట నొక్కిస్తారు. కుర్రవాడు సిగ్గుపడి ఉంచేయమన్నాడు.

ఇది చట్టం దృష్టిలో తప్పే. వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ప్రకటించి 13 రకాల మోసపు తెరలను నిషేధించింది. అడగకుండా బుట్టలో సరుకు వేయడం, వద్దన్నవాడిని సిగ్గుపరచడం, ఇంకా రెండే ఉన్నాయని తొందరపెట్టడం, చేరడం సులువు చేసి మానడం కష్టం చేయడం, అన్నీ అందులో ఉన్నాయి. హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ 2010లోనే వీటికి డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టాడు. ఫిర్యాదుకు ఫోన్ నంబరు 1915. ఆ అంకెలు పెద్దగా రాసి అంగడి గోడకు అంటించాను.

నవంబరు 21

బెంచీ మీద ఎన్నికల కబుర్లు. వింటూ ఉంటే తోచింది: 2024 మే 13న ఈ నియోజకవర్గంలో చదువు రాని అవ్వలు, తాతలు ఒంటరిగా లోపలికి పోయి ఓటేసి వచ్చారు. ఎవరినీ తోడు పిలవలేదు. మిషన్ మీద పేరు, బొమ్మ, పక్కన నీలం బటన్. నొక్కితే ఎర్ర దీపం, బీప్. పక్క పెట్టెలో ఏడు సెకన్లు చీటీ కనపడుతుంది, చూసుకోవచ్చు. చూపు లేనివాళ్ళకు బ్రెయిలీ. రెండు ప్రభుత్వ సంస్థలే వాటిని తయారు చేస్తాయి, అందులో ఒకటి హైదరాబాదులోని ఈసీఐఎల్.

మధ్యలో ప్రకటన రాదు. ముందే టిక్కు పెట్టిన గడి ఉండదు. ఊరు ఊరికీ బటన్ తీరు మారదు. మన దేశంలో మన మనుషులకు సరిపడే యంత్రం చేయడం మన ఇంజినీర్లకు వచ్చు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అక్కడ ప్రతి మనిషీ లెక్కలోకి వస్తాడు. యాప్ చేసేవాడికి కొందరు జారిపోయినా వ్యాపారం నడుస్తుంది. తేడా అంతా అక్కడే ఉంది.

నవంబరు 24

రాష్ట్ర ప్రభుత్వ సేవలు ఫోన్లో అందించే మన మిత్ర గురించి బెంచీ మీద ఎవరో అడిగారు. 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్‌లో వచ్చింది. అందులో నాకు నచ్చింది ఒకటుంది: జనం ముందే వాడుతున్న చోటికే ప్రభుత్వం వచ్చింది, కొత్త యాప్ నేర్చుకోమనలేదు. పైగా మనం అడిగింది, వచ్చిన జవాబు అక్కడే రాతగా ఉండిపోతాయి. పైకి జరిపి మళ్ళీ చూసుకోవచ్చు, ఇంకొకరికి చూపించవచ్చు. మిగతావాళ్ళు ఇది గమనిస్తే బాగుండు.

నవంబరు 27

ఇంజినీరింగ్ చదివే మా వీధి కుర్రవాడు చివరి ఏడాది ప్రాజెక్టుకు యాప్ చేస్తున్నాడు. చూపించాడు. అందంగా ఉంది. "అబ్బాయా, ఒక పూట ఈ బెంచీ మీద కూర్చో, ఎవరికీ సాయం చేయొద్దు, ఊరికే చూడు" అన్నాను.

కూర్చున్నాడు. ఒక తాత వేలి కొనతో కాక గోరుతో నొక్కడం చూశాడు, అది తెరకు తెలియకపోవడమూ చూశాడు. ఓటీపీ వచ్చిన మెసేజ్ కోసం బయటికి పోయి తిరిగి వచ్చేసరికి ఫారం మొత్తం ఖాళీ అయిపోయిన ఒకామెను చూశాడు. లేవబోయి నా వైపు చూసి మళ్ళీ కూర్చున్నాడు. నోటు పుస్తకం తీసి ఏమేమో రాసుకున్నాడు.

సాయంత్రం వాడు అడిగిన మొదటి ప్రశ్న: "మామా, వీళ్ళు తప్పు నొక్కితే వెనక్కి రావడానికి నా దాంట్లో దారే లేదు. పెట్టాలంటే మొత్తం విప్పాలి. విప్పేదా?"

విప్పమన్నాను. సోమవారం ఇద్దరు స్నేహితులను తెచ్చుకుంటానన్నాడు.