పెన్న గట్టు బడికి మార్కులు

జూన్ నెల వస్తే నెల్లూరులో సర్కారు బడులు రెండు రకాలుగా కనిపిస్తాయి. కె.ఎన్‌.ఆర్‌. మునిసిపల్‌ హైస్కూల్లో 2021లో సీట్లు లేవని బోర్డు పెట్టాల్సి వచ్చింది. 1875లో మొదలై, మధ్యలో మూతపడిన వి.ఆర్‌. హైస్కూలును బాగుచేసి 2025 జులైలో మళ్లీ తెరిచారు, పేదింటి పిల్లలనే ముందు చేర్చుకున్నారు. ఇవి మంచి బడులని చెప్పడానికి ఎవరూ తడుముకోరు. అదే జూన్ నెలలో పెన్న గట్టు పక్క కాలనీల్లో చిన్న బళ్ల టీచర్లు, పిల్లల్ని పంపండమ్మా అని ఇల్లిల్లూ తిరుగుతుంటారు. నలభై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. నా ఆలోచనంతా ఈ బడి గురించే. ఇది మంచిదా కాదా అని దేన్నిబట్టి తేల్చాలి?

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం, పిల్లలు అరవై మంది వరకు ఉన్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు. కాగితం మీద ఇది సరిపోయినట్టే ఉంటుంది. ఇద్దరిలో ఒకరు శిక్షణకో, ఏదో సర్వే డ్యూటీకో పోయిన రోజు రెండోవారు ఒకటో తరగతికి గుణింతం దిద్దిస్తూ, ఐదో తరగతికి భిన్నాలు చెబుతూ, మధ్యలో మధ్యాహ్న భోజనం గుడ్లు లెక్కపెట్టి యాప్‌లో ఎక్కిస్తూ ఉండాలి. తనిఖీకి వచ్చేవారికి యాప్‌లో ఎక్కినవన్నీ కనిపిస్తాయి. మిగిలింది కనిపించాలంటే కూర్చోవాలి.

అలాంటి ఒక బళ్లో ఒక పూట కూర్చున్నాను. హాజరు తీసుకుంటున్నప్పుడు ఒక పేరు దగ్గర పలుకు లేదు. టీచరమ్మ తలెత్తేలోపే వెనక నుంచి ఒక పిల్ల అందుకుంది: "రాలా టీచర్‌. వాళ్లమ్మ రొయ్యల కంపెనీకి పోతే చెల్లెల్ని ఎత్తుకోనుండాడు." ఇంకో పేరు దగ్గర ఇంకో జవాబు. వాళ్లు ఊరికి పోయారు, కోతలై వస్తారు. యాప్‌లో రెండూ ఒక్కటే, గైర్హాజరు. టీచరమ్మకు మాత్రం తేడా తెలుసు. చెల్లెల్ని ఎత్తుకున్నవాడికి మధ్యాహ్నం కబురు పంపింది, చెల్లెల్ని కూడా తీసుకురమ్మని. వాడు వచ్చాడు. చెల్లెలు బల్ల కింద నిద్రపోయింది, వాడు తీసివేతలు చేశాడు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకునే చోట ఆగి, వేళ్లు ముడిచి, మళ్లీ లెక్కపెట్టి, సరిగ్గా రాశాడు. నాలుగో తరగతి పిల్లవాడు చేసింది రెండో తరగతి లెక్క. పరీక్ష పెట్టేవారు తరగతికి తగ్గ స్థాయి లేదని రాస్తారు, అదీ అబద్ధం కాదు. కానీ వాడు జూన్‌లో అంకెలు కూడా తిరగేసి రాసేవాడని టీచరమ్మ చెప్పింది. అప్పటి నోటుపుస్తకం దాచిపెట్టి మరీ చూపించింది. ఆరు నెలల్లో వాడు నడిచిన దూరం ఏ ఫారంలో రాయాలి?

2021 నవంబరు 12న దేశమంతటా జాతీయ సాధన సర్వే పరీక్ష జరిగింది. మూడో తరగతి పిల్లలు కూడా రాశారు. మన దగ్గర ఆ పిల్లలు రెండో తరగతి ఏడాదిలో బడి మొహం చూసింది చాలా కొద్ది రోజులు. కోవిడ్‌తో మూతపడ్డ బడులు తిరిగి తెరుచుకున్నది ఆగస్టు 16న. ఆ పరీక్ష అయిన వారం తిరిగేసరికి పెన్న పొంగి గట్టు పక్క కాలనీల ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. పలకలూ పుస్తకాలూ తడిసిన ఇళ్ల పిల్లలను మళ్లీ బడి మెట్లు ఎక్కించడమే ఆ ఏడాది గట్టు బడులు చేయగలిగిన పెద్ద పని. సగటు మార్కు ఆ పని గురించి ఏం చెప్పగలదు?

మనం పత్రికల్లో చూసే అసర్‌ నివేదిక పల్లెల్లో పిల్లల చదువును చూస్తుంది. పట్నపు మురికివాడ పిల్లలు ఆ లెక్కలోకి రారు. వాళ్ల గురించి అందరం అలవాటుగా ఒక మాట అనేస్తాం, ప్రైవేటుకు పోతే బాగుపడేవాళ్లు అని. దీన్ని తేల్చడానికి 2008లో మన రాష్ట్రంలోనే ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. కార్తీక్‌ మురళీధరన్‌, వెంకటేశ్‌ సుందరరామన్‌ దాన్ని నడిపించారు. 180 ఊళ్లలో సర్కారు బడి పిల్లలకు లాటరీ తీసి, పేరు వచ్చినవారిని ప్రైవేటు బడికి పంపారు. అలా ఒకేలాంటి ఇళ్ల పిల్లలను పోల్చి నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో లాటరీలో పేరు వచ్చినవారికీ రానివారికీ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ఒక్కో పిల్లవాడి మీద ప్రైవేటు బడికయ్యే ఖర్చు సర్కారు ఖర్చులో మూడోవంతుకు లోపే అన్నదీ తేలింది. ఆ మాట దాచకూడదు. అది పల్లెల కథే అయినా, ఇళ్లను పక్కన పెట్టి బళ్లను పోల్చకూడదన్నది పెన్న గట్టుకూ వర్తిస్తుంది. ఇంట్లో చదివించే మనిషి ఉన్న పిల్లల మార్కులనూ, పొద్దున ఐదుకే పనికి పోయే తల్లి పిల్లల మార్కులనూ పక్కపక్కన పెడితే తెలిసేది ఇళ్ల సంగతే.

మన జిల్లాకు ఇలాంటి కొలతల విషయంలో పాత అనుభవమే ఉంది. 1990ల మొదట్లో అక్షరదీపం పేరుతో పెద్దవాళ్లకు రాత్రి బడులు నడిచాయి. ఎంతమందికి చదవడం, రాయడం వచ్చిందన్నదే అప్పుడు కొలత. దూబగుంట ఆడవాళ్లు వాచకంలో సారా గురించిన పాఠం చదివి, మాట్లాడుకుని, లేచి పోయి ఊళ్లో సారా అంగడి మూయించారు. ఊరి నుంచి ఊరికి పాకిన ఆ ఉద్యమం వల్లే 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఎంతమందికి సంతకం వచ్చిందని మాత్రమే అడిగిన అధికారి పుస్తకంలో దూబగుంటకు ఎన్ని మార్కులు పడి ఉంటాయో! ఆ ఆడవాళ్లలో ఒత్తులు తప్పు రాసినవాళ్లు ఉండే ఉంటారు.

ఇంత చెప్పి, చిన్న బడికి పరీక్షే వద్దంటానని కాదు. ఐదో తరగతి దాటేసరికి పిల్లకు వార్తాపత్రిక చదవడం రాకపోతే ఆ బడి ఓడిపోయినట్టే. పేదరికం దానికి సాకు కాకూడదు, అలా అనుకోవడం ఆ పిల్లకు చేసే అన్యాయం. నేను అడిగేది రెండు ప్రశ్నలు కలపమని. ఈ పిల్ల చేరినప్పుడు ఎక్కడుంది, ఇప్పుడెక్కడుంది? ఈ కాలనీలో బడి ఈడు పిల్లల్లో పట్టీకే ఎక్కనివారు ఎవరు? రెండో ప్రశ్నకు జవాబు కావాలంటే బళ్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే రాదు. పొద్దున ఏడింటికి సందుల్లో తిరగాలి, చిత్తుకాగితాల సంచి భుజాన వేసుకుని పోయే పిల్లల్ని ఆపి అడగాలి.

2022లో 117 నంబరు జీవో వచ్చి, చాలాచోట్ల మూడు నుంచి ఐదు తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లకు తరలించారు. పిల్లలు తక్కువున్న బళ్లను కలిపితే సబ్జెక్టుకో టీచరు దొరుకుతారని దాని వెనకున్న ఆలోచన. ఆ ఆలోచనలో న్యాయం లేదనలేను. 2025లో ఆ జీవో రద్దయింది గానీ, చిన్న బడి ఎందుకన్న ప్రశ్న పోలేదు, మళ్లీ వస్తుంది. గట్టు పక్క నుంచి హైస్కూలుకు పోవాలంటే హైవే దాటాలి. కృష్ణపట్నం లారీలు పోయే దారి అది. ఎనిమిదేళ్ల పిల్లను చెయ్యిపట్టి ఆ రోడ్డు దాటించే మనిషి ఆ వేళకు ఇంట్లో ఉండరు, ఉంటే కూలి పోతుంది. ఇంటికి కూతవేటు దూరంలో ఆ ఇద్దరు టీచర్ల బడి ఉంది కాబట్టే చెల్లెల్ని ఎత్తుకున్న పిల్లవాడు మధ్యాహ్నమైనా రాగలిగాడు. దాన్ని మూయొద్దు. మూడో టీచర్ని ఇవ్వండి.