ఖాన్ రాలేదు

2015లో రంజాన్ పండుగ జులై 18న వచ్చింది. ఆ రాత్రి ఆదోనిలో సెకండ్ షో 'బాహుబలి' చూశాం. సినిమా 10వ తేదీనే విడుదలైంది. రోజాలు నడుస్తుండగా సినిమాహాలుకు పోతే అబ్బా ఊరుకోరు. అందుకని ఎనిమిది రోజులు చెవులు మూసుకుని తిరిగాం. టీ హోటల్లోనైనా, పత్తి మార్కెట్ యార్డులోనైనా ఎవరైనా కథ ఎత్తుకుంటే చాలు, లేచి వచ్చేవాళ్లం. నలుగురి మాటలు వినడమే బతుకుతెరువైన విలేకరులకు ఇదెంత కష్టమో చెప్పనక్కర్లేదు. పండుగనాడు షీర్‌ఖుర్మా తాగి, కొత్త బట్టలతోనే పోయి కూర్చున్నాం.

'మేం' అని రాస్తున్నది గొప్పకు కాదు. మా ఇంట్లో ఒక్కరే సినిమాకు పోవడమన్నది ఎవరమూ ఎరగం. అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం, పిల్లలు, ఎమ్మిగనూరు నుంచి పండక్కి వచ్చిన చిన్నమ్మ, అంతా కలిసి ఒక వరుస నిండుతాం.

ఆ సినిమాలో అస్లం ఖాన్ అనే మనిషి వస్తాడు. పట్టుమని పది నిమిషాలు కూడా ఉండడు. దూరదేశం నుంచి కత్తులు అమ్ముకోవడానికి మాహిష్మతికి వచ్చిన వర్తకుడు. కట్టప్పతో కత్తి కలుపుతాడు, అతని పనితనం చూసి ముచ్చటపడతాడు. ఇంతటి వీరుడు బానిస అని తెలిసి బాధపడతాడు. విడిపిస్తాను, నాతో రమ్మంటాడు. మా తాతలు సింహాసనానికి మాటిచ్చారు, రాలేనంటాడు కట్టప్ప. అయితే ఎప్పుడు ఏ సాయం కావాలన్నా కబురు పెట్టు, వస్తానని మాటిచ్చి వెళ్లిపోతాడు ఖాన్.

ఆ వేషం వేసిన సుదీప్ మాకు కొత్తవాడు కాదు. ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలోది. ఇప్పటికీ పెళ్లికి, చావుకు బళ్లారికి పోయినప్పుడు కన్నడ సినిమా చూడకుండా తిరిగి రాం. ఇదే రాజమౌళి 2012లో తీసిన 'ఈగ'లో అతన్ని విలన్‌గా చూసి భయపడినవాళ్లమే. కానీ ఆ రాత్రి మా వరుస మొత్తం ఈలలు వేసింది నటుడి కోసం కాదు. ఖాన్ కోసం.

ఇందులో ఈల వేయడానికి ఏముందని అడిగే మిత్రులున్నారు. వాళ్లకు తెలియదు, మేం ఎన్నేళ్లుగా తెలుగు సినిమాలో మమ్మల్ని మేం వెతుక్కుంటున్నామో. దొరికేది రెండే వేషాలు. హీరో కోసం ఇంటర్వెల్ లోపల చచ్చిపోయే రహీం చాచా ఒకటి, రైల్లో బాంబు పెట్టేవాడు ఇంకొకటి. సీమవాళ్లం కాబట్టి ఈ మధ్యలో సుమోలు, వేటకొడవళ్లు అదనం. అస్లం ఖాన్ చావలేదు, చంపలేదు. సరుకు అమ్ముకున్నాడు, సమానంగా నిలబడి కత్తి తిప్పాడు, సమానంగా మాటిచ్చాడు. మాహిష్మతిలో అంతమంది గొప్పవాళ్లుండగా 'నువ్వు బానిసగా ఎందుకున్నావు' అని కట్టప్పను అడగాలని తోచింది ఈ పరదేశికే.

జానపదాల పిచ్చి మాకు రెండు వైపుల నుంచీ వచ్చింది. మా అబ్బా వైపు ఆదోని, ఇంట్లో ఉర్దూ. దాదా దగ్గర 'తిలిస్మె హోష్‌రుబా' పాత సంపుటాలు రెండు మూడుండేవి. లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్ 1883లో మొదలుపెట్టి అచ్చేసిన మహా గ్రంథం అది. అందులో అమర్ అయ్యార్ జోలె ఉంటుంది, జంబీల్ అంటారు. లోకమంతా అందులో పడుతుంది. రాత్రి కరెంటు పోతే దాదా ఆ జంబీల్ విప్పేవారు. అమ్మ వైపు ఎమ్మిగనూరు. దూదేకులవాళ్లు, ఇంట్లో తెలుగు. అక్కడ అవ్వ ఇంట్లో దారంతో కుట్టిన చందమామలు. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు, చిత్రా గారు గీసిన భల్లూకాలు, రాక్షసులు. ఏ వైపు పోయినా మాంత్రికులకు కొదవ లేదు. 'గులేబకావళి కథ' (1962), 'ఆలీబాబా 40 దొంగలు' (1970) పాతబడ్డ ప్రింట్లతో మళ్లీ మళ్లీ వచ్చినప్పుడు ఇవి ఎవరి కథలని మేం గానీ, మా పక్కన కూర్చున్న వాళ్లు గానీ అడగలేదు. రామారావు గారు ఆలీబాబా అయితే ఆలీబాబా తెలుగువాడే. 1994లో 'భైరవద్వీపం' ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు.

అందుకే రెండో భాగం కోసం మేం ఎదురుచూసినట్టు ఎవరూ చూసి ఉండరు. దేశమంతటికీ ఒకే ప్రశ్న. మా మొహల్లాలో అది 'కట్టప్పా బాహుబలికు కైకు మార్యా?' అయింది. మాకు దాని పక్కన రెండో ప్రశ్న కూడా ఉండేది. ఖాన్ ఎప్పుడొస్తాడు? ఎలాగొస్తాడు, ఏ ముడి దగ్గర వస్తాడు అని పందేలు కట్టుకున్నాం. దాస్తాన్ విని పెరిగినవాళ్లకు ఒక నమ్మకం ఉంటుంది. మొదటి సంపుటంలో ఒకడు మాటిచ్చాడంటే, ఎన్ని వందల పేజీల తర్వాతైనా గుర్రపు డెక్కల చప్పుడు వినపడాల్సిందే.

2017 ఏప్రిల్ 28, శుక్రవారం. జుమా నమాజు చదివి మ్యాట్నీకి పోయాం. సినిమా బాగుంది. ఈ మాట ముందే చెప్పాలి. దేవసేన రమ్యంగా ఉంది, ఆమె ధిక్కారం ఇంకా రమ్యంగా ఉంది. పడవ గాల్లోకి లేచినప్పుడు మా పిల్లలతో పాటు మేమూ నోళ్లు తెరిచాం. కట్టప్ప కత్తి దింపినప్పుడు చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సరే, కథ చివరికొచ్చింది. కట్టప్ప, దేవసేన కొడుకు, పల్లె జనం కోట గోడ బయట నిలబడ్డారు. తలుపులు మూసుకున్నాయి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? మేం తెర అంచులు చూస్తున్నాం. తాటిచెట్లు వంచారు. చెట్లకు వేలాడి, డాళ్లు పట్టుకుని గుంపులు గుంపులుగా కోటలోకి ఎగిరారు. అయిపోయింది. తాటిచెట్టుకు దొరికిన చోటు ఖాన్‌కు దొరకలేదు.

బయటికొచ్చాక చెల్లెలు మమ్మల్ని తిట్టింది. 'మొదటి భాగంలో అవంతిక కత్తి పట్టుకుని కొండలెక్కింది. రెండో భాగంలో ఆమెకు నాలుగు షాట్లు లేవు. హీరోయిన్‌నే మరిచిపోయినోళ్లకు మీ ఖాన్ గుర్తుంటాడా?' అంది. నిజమే. మరుపు అందరికీ సమానంగా పంచారేమో. కానీ అవంతికను మరిస్తే అడిగేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఖాన్ సంగతి అడిగినప్పుడు మాత్రం, పత్రికాఫీసులో పక్క సీటు మిత్రుడు నవ్వి, 'మీకు సినిమాలో కూడా మైనారిటీ కోటా కావాలా' అన్నాడు. మంచివాడే. రంజాన్‌లో మా ఇంటికొచ్చి హలీం తినేవాడే. ఆ మాటకు జవాబు మేం ఆ రోజు ఇవ్వలేదు.

తర్వాతి వారం ఎమ్మిగనూరులో రెండోసారి చూశాం. అమ్మ వైపు వాళ్లందరికీ మేమే టికెట్లు తీశాం. ఆ ఊరు నేతకు పేరుపడ్డది. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం దుప్పట్లు కప్పుకోని ఇల్లు ఈ చుట్టుపక్కల అరుదు. బట్ట వెనక నేతగాడున్నట్టే, పరుపు వెనక దూది ఏకేవాడున్నాడు. మా మామయ్యలు విల్లు భుజాన వేసుకుని పల్లెలు తిరిగి పరుపులు కుట్టిన మనుషులు. దూదిని పింజేవాళ్లు గనుక వాళ్లను పింజారులన్నారు. అది పని పేరు. మరి ఆ పని పేరు తెలుగులో తిట్టు ఎట్లా అయింది? పెద్ద చదువులు చదివినవాళ్లు, మనసు మంచివాళ్లు కూడా కోపమొస్తే 'పింజారీ వెధవ' అంటారు. అన్నవాళ్లకు తాము ఎవర్నన్నదీ తెలియదు. విన్న మామయ్యకు తెలుస్తుంది.

రెండో భాగంలో కుంతల రాజ్యం మీద దోపిడీ మూకలు పడతాయి. వాళ్ల పేరు పిండారీలు. మేం చరిత్ర ప్రధానంగా బి.ఏ. చదివాం, పిండారీలెవరో మాకు తెలుసు. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో మరాఠా సైన్యాల వెంట జీతం లేకుండా నడిచి, దోపిడీ మీద బతికిన ఆశ్వికులు. వాళ్లలో ముస్లిములున్నారు, హిందువులున్నారు. 1816లో గుంటూరు దాకా, కడప దాకా వచ్చి దోచుకుపోయారు. 1817-18లో ఇంగ్లీషువాళ్లు వాళ్లను తుడిచిపెట్టారు. కథకు దోపిడీ దొంగలు కావాలి, పేరొకటి కావాలి, పెట్టుకున్నారు. అందులో దురుద్దేశముందని మేం అనం.

కానీ ఎమ్మిగనూరు హాల్లో, ఆ మూక తెరమీదికి ఉరికినప్పుడు, వెనక వరుసల్లోంచి ఒక కుర్రాడు అరిచాడు: 'రేయ్, పింజారోళ్లు వచ్చిరిరా!' హాలంతా నవ్వింది. మా వరుస నవ్వలేదు. చీకట్లో మామయ్య ముఖం మేం చూడలేదు. చూసే ధైర్యం రాలేదు. ఇంటికి నడుస్తూ చిన్నమ్మ ఒక్కటే అడిగింది. 'ఏమప్పా, ఖాను వస్తాడంటిరే?'

ఆదోని వైపు చుట్టాలు ఈ సంగతి విని 'వాడు అన్నది పిండారీలను, మనల్ని కాదు' అన్నారు. కొందరైతే 'అన్నా దూదేకులవాళ్లను కదా' అని కూడా అన్నారు. ఇదీ రాయాలి. ఉర్దూ మాట్లాడే సాయిబులకు తెలుగు మాట్లాడే సాయిబంటే ఇప్పటికీ చిన్నచూపే. అబ్బా మా అమ్మను చేసుకున్నప్పుడు దాదీ ఏడాది మాట్లాడలేదట. మమ్మల్ని సినిమా మరిచిపోయిందని ఏడ్చేముందు, మేం ఎవర్ని మరిచిపోయామో కూడా చెప్పుకోవాలి కదా.

ఆ తర్వాత మొదటి భాగాన్ని మళ్లీ చూస్తే, అదీ మునుపటిలా కనపడలేదు. అందులో కాలకేయులున్నారు. ఒళ్లంతా నల్లరంగు, పళ్లు పాచి, ఎవరికీ అర్థం కాని భాష. ఆ భాషకు కిలికి అని పేరు పెట్టి, మదన్ కార్కీ మాటలు, వ్యాకరణం కూర్చి తయారుచేశారు. విద్వత్తు ఉన్న పనే. 2015లో చూసినప్పుడు ఆ భాషను మేమూ వెక్కిరిస్తూ ఇల్లు చేరాం. పిల్లలు నెల రోజులు నాలుక టకటకలాడించారు. చిన్నప్పుడు బడిలో మేం ఉర్దూలో ఒక మాటంటే పక్కవాళ్లు 'తురకం' అని నవ్విన రోజులు అప్పుడు గుర్తురాలేదు. ఆ సంవత్సరమే ఒకసారి బస్సులో ఇంటికి ఫోన్ చేసి దక్కనీలో మాట్లాడుతుంటే, ముందు సీటాయన వెనక్కి తిరిగి, 'ఏందన్నా, కాలకేయుల భాషా?' అన్నాడు. స్నేహంగానే అన్నాడు. మేమూ నవ్వాం. నవ్వినందుకు ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

నల్లటి మనుషులంటే రాక్షసులని నమ్మడానికి మా ఊరు ఒప్పుకోదు, అదొక చిక్కు. ఆదోని షాహీ జామియా మసీదు కట్టించింది సిద్దీ మసూద్ ఖాన్. హబ్షీ, అంటే ఆఫ్రికా గడ్డ మీది అబిసీనియా మూలాలవాడు. బిజాపూరు రాజ్యాన్ని బాల సుల్తాను తరఫున నడిపి, 1683లో ఆ పదవి వదిలేసి ఆదోనికొచ్చి కూర్చున్నాడు. ఔరంగజేబు సైన్యం కోటను ముట్టడించినప్పుడు ఫిరంగుల్ని మసీదు వైపు తిప్పారని, ఆ గోడలు కూలడం చూడలేక మసూద్ ఖాన్ కోట అప్పగించాడని మా ఊళ్లో చెప్పుకుంటారు. ముట్టడించినవాడూ ముస్లిమే, లొంగిపోయినవాడూ ముస్లిమే. మా ఊరి జానపదం ఇది. నల్లటివాడు, పరాయి భాషవాడు కట్టించిన గోడల నీడలోనే మేం ఐదు పూటలా చెప్పులు విడిచాం. ఇంతకూ ఖాన్ కోసం మేం తెర అంచులు చూస్తూ కూర్చోవడమెందుకు? ఖాన్ దూరదేశం నుంచే ఎందుకు రావాలి? మాహిష్మతిలో ఏకులు ఏకేవాడు, గుర్రానికి లాడం కొట్టేవాడు, అత్తరు అమ్మేవాడు ఉండకూడదా?

2013 జులైలో 'బాహుబలి' షూటింగ్ మొదలైంది మా జిల్లాలోనే, ఓర్వకల్లు రాళ్ల మధ్య. మా మేనబావ బైక్ మీద పోయి దూరం నుంచి రాళ్లు మాత్రం చూసొచ్చాడు. మాహిష్మతికి పునాదిరాయి కర్నూలుదని ఇప్పటికీ చెప్పుకుంటాడు. మేమూ చెప్పుకుంటాం. రెండో భాగం వెయ్యి కోట్లు దాటిన తొలి భారతీయ సినిమా అయినప్పుడు మేమే గెలిచినట్టు మిఠాయి పంచాం. మూడోసారి కూడా చూశాం. మా మీద మాకే కోపమొచ్చినా, టీవీలో వస్తే ఛానల్ మార్చం.

2025 అక్టోబర్ 31న రెండు భాగాల్నీ కలిపి ఒకే సినిమాగా వదిలారు. అంతకు ముందురోజు చిన్నమ్మకు ఫోన్ చేశాం, వస్తావా అని. మామయ్య పోయి మూడేళ్లు. ఆమెకు మోకాళ్ల నొప్పులు.

'ఈసారన్నా ఖాను వస్తాడా?' అంది.

'కొత్తగా తీసింది కాదు చిన్నమ్మా. పాతదే కోసి, అతికించినారంట.'

చిన్నమ్మ కాసేపు ఏమీ అనలేదు. పరుపులు కుట్టిన మనిషి, కోయడం అతకడం ఆమెకు చెప్పాలా. 'కోసేటప్పుడు ఎవురిది పోతాదో తెలుసులే నాయనా,' అంది. 'సరే, నాకూ ఒక టికెట్టు తీయి. మెట్లు లేని సీటు సూడు.'