ముందు చాసీ, తర్వాతే మోటారు

నా దగ్గరికి పందెం కారు పంపేవాళ్లు చాలామంది మొదట అడిగేది ఒకటే: "ఇంకా జోరైన మోటారు వెయ్యండి." అమలాపురంలో మోటార్లు చుట్టుకుని బతికేవాణ్ణి నేను. రొయ్యల చెరువుల ఏరేటర్లు, బోరు మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు. మా ఇంటి పొయ్యి వెలిగేది వాటివల్లే. ఆర్మేచర్ పట్టుకుంటే చాలు, దాని రోగం చాలావరకు చేతికే తెలుస్తుంది. అలాంటి నేనే చెబుతున్నాను: అరచేతిలో పట్టే ఈ కారు మలుపు దగ్గర వెనకబడుతోందంటే చూడాల్సింది మోటారును కాదు, చాసీని.

చూడనివాళ్లకోసం రెండు మాటలు. స్లాట్ కారు అంటే గాడిలో పరుగెత్తే బొమ్మ కారు. ట్రాకు పలక మీద వరసగా గాడులు ఉంటాయి. ఒక్కో గాడికి రెండు పక్కలా లోహపు పట్టీలు, వాటిలో పన్నెండు వోల్టుల డీసీ కరెంటు. కారు ముక్కు కింద నాలుకలాంటి ముక్క గాడిలోకి దిగి ఉంటుంది. దాన్ని గైడ్ అంటారు. దానికి రెండు వైపులా జడలా అల్లిన సన్నని రాగి పట్టీలు కరెంటు అందుకుంటాయి. ఆడేవాడి చేతిలో ట్రిగ్గర్ ఒక్కటే, స్టీరింగ్ ఉండదు. నొక్కితే పోతుంది, వదిలితే ఆగుతుంది. మలుపులో ఒక్క రవ్వ ఎక్కువ నొక్కితే గాడి వదిలేసి గోడకు కొట్టుకుంటుంది.

దీన్ని మొదలుపెట్టింది ఇంగ్లండులో ఫ్రెడ్ ఫ్రాన్సిస్. మినీమోడల్స్ అనే కంపెనీలో స్ప్రింగుతో నడిచే రేకు కార్లు చేసేవాడు. వాటికే ఎలక్ట్రిక్ మోటారు పెట్టి 1957 జనవరిలో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో స్కేలెక్‌స్ట్రిక్ పేరుతో చూపించాడు. 1963లో జర్మనీలో కరేరా వచ్చింది. 1960ల మధ్యలో అమెరికాలో ఊరూరా ట్రాకు దుకాణాలు వెలిశాయి. ఇత్తడి ముక్కలూ పియానో తీగా సోల్డరింగ్ చేసి సొంతంగా చాసీలు కట్టే విద్య అక్కడే పదునెక్కింది. ఇప్పుడు నేను చేసే పనిలో సగానికి మూలం ఆ రోజుల్లోనే ఉంది.

ఇంగ్లండులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు అక్కడ క్లబ్బులో పందేలకు వెళ్తాడు. సెలవులకు వచ్చినప్పుడు తన కారు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"మావయ్యా, మోటారు మారిస్తే లాపుకి పావు సెకనన్నా తగ్గుద్దేమో చూడవా?"

చక్రాల మీద నిలబెట్టి బానెట్టు మీద వేలితో నొక్కాను. ఎడమ ముందు చక్రం కిందికి దిగింది, కుడి వెనకది లేచింది.

"మోటారుకేం రోగం లేదురా. బండే నాలుగు కాళ్ల మీద నిలబడట్లేదు. ముందది చూద్దాం."

అక్కణ్ణుంచి మొదలు. వాడి స్నేహితులు పంపారు, బెంగళూరులో ఇంట్లో ట్రాకు పెట్టుకున్నవాళ్లు పంపారు. వానాకాలం తర్వాత చెరువుల పని తగ్గినప్పుడు నా బల్ల మీద ఏరేటర్ల స్థానంలో పోర్షేలూ ఫెరారీలూ ఉంటాయి.

ఎక్కువగా వచ్చేవి 1/32 స్కేలువి. నాలుగున్నర మీటర్ల కారు 14 సెంటీమీటర్లు అవుతుంది. మామూలు మోటారు పన్నెండు వోల్టుల దగ్గర నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతుంది. మోటారు కడ్డీ మీది చిన్న గేరు పినియన్‌కు 11 పళ్లు, వెనక ఇరుసు మీది గేరుకు 36 పళ్లు అనుకోండి. ఇరుసు 5,500 చుట్లు తిరుగుతుంది. టైరు 20 మిల్లీమీటర్లదైతే లెక్క ప్రకారం సెకనుకు 5.76 మీటర్లు. అంత వేగం వాడుకునేంత పొడుగు తిన్నని దారి ఇంటి ట్రాకుల మీద ఎక్కడుంది? సెకనుకు 3 మీటర్లు పోయినా స్కేలు లెక్కలో గంటకు దాదాపు 346 కిలోమీటర్లు. మోటారులో ఉన్న బలాన్నే నేల మీదికి దించలేకపోతుంటే ఇంకో మోటారు దేనికి? అది కారును మరింత తొందరగా బయటికి విసిరేస్తుంది, అంతే.

విప్పగానే నేను మొదట తీసేది అయస్కాంతం. 1980ల చివర్నుంచి పెట్టెలో వచ్చే చాలా కార్లకు కింద అయస్కాంతం ఉంటోంది. ప్లాస్టిక్ ట్రాకులో పట్టీలు ఉక్కువి కాబట్టి అది కారును కిందికి గుంజి పట్టుకుంటుంది. చిన్నపిల్లలకు మంచిదే, కారు ఊరికే పడిపోదు. కానీ అది ఉన్నంతసేపు చాసీలో వంకర బయటపడదు. టైరు గుండ్రంగా లేకపోయినా నడిచిపోతుంది. పట్టు వదిలేటప్పుడు మాత్రం చెప్పాపెట్టకుండా ఒక్కసారిగా వదిలేస్తుంది. అయస్కాంతం తీసేస్తే కారు తోక జారడం కంటికి కనిపిస్తుంది. జారుతున్నప్పుడు వేలు సర్దుకోవచ్చు. పైగా చెక్క ట్రాకు మీద అతికేది రాగి టేపు, దాన్ని ఏ అయస్కాంతమూ పట్టదు. డ్రైవింగు అనేది అయస్కాంతం తీసాకే మొదలవుతుందని నా గట్టి నమ్మకం.

తర్వాత చాసీని చదును చెయ్యాలి. అచ్చులోంచి వచ్చిన ప్లాస్టిక్ చల్లారేటప్పుడు కొంచెం మెలి తిరుగుతుంది. కంటికి ఆనదు. గాజు పలక మీద పెట్టి ఒక మూల నొక్కితే టక్కుమని చప్పుడు చేస్తుంది. గ్రైండింగ్ చేసిన మందపాటి ఉక్కు పలక ఒకటి ఉంచుకున్నాను. అన్నీ విప్పేసిన చాసీని దానికి బోర్లా ఆనించి పట్టీలతో కట్టి, పలకతో సహా వేడినీళ్లలో ముంచుతాను. నీళ్లు మరీ తెర్లకూడదు, బయటికి తీసాక దానంతటది చల్లారేదాకా కట్లు విప్పకూడదు. ఇక్కడే కుర్రాళ్లు తొందరపడతారు. మా కొట్లో పని నేర్చుకునే అబ్బాయికి ఎప్పుడూ చెప్పేది అదే, పలక చల్లబడేదాకా వేరే పని చూసుకోమని. "ఆయ్, అలాగేనండి" అంటాడు, కళ్లు మాత్రం దానిమీదే ఉంటాయి.

చదునైన చాసీకి వెనక ఇరుసు. ఈ కార్లలో మేలైన ఇరుసులు 2.38 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీలు. గాజు మీద దొర్లిస్తే వంకర ఉన్నది గలగలమంటుంది, తిన్ననిది చప్పుడు లేకుండా పోతుంది. ఇరుసు తిరిగే బుష్షులు గూట్లో కదులుతుంటే చిటికెడు జిగురు పెడతాను, రెండూ ఒకే వరసలో ఉన్నాయో లేదో ఇరుసు దూర్చి వేలితో తిప్పి చూశాకే. అడ్డంగా కాగితం మందం ఆట ఉండాలి, అంతకు మించి వద్దు. ప్లాస్టిక్ చక్రాలు తీసేసి అల్యూమినియంవి వేస్తాను. ఒక మిల్లీమీటరుకన్నా సన్నని అలెన్ కీతో వాటి మరలు బిగించాలి. చేతి జోరు ఎక్కువైతే మర గుండ్రమైపోయి ఇక ఊడిరాదు. టైరును రిమ్ముకు అతికించి, మోటారు మెల్లగా తిరుగుతుండగా కింద గరుకు కాగితం పెట్టి ఆనీ ఆననట్టు అరగదీస్తాను. మొదట కాగితం మీద మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. మచ్చలు కలిసి ఒకే పట్టీలా వచ్చిందంటే టైరు గుండ్రమైంది, అడ్డంగానూ సమమైంది.

గేర్ల మధ్య సందు కోసం సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం పినియన్‌కూ గేరుకూ మధ్య పెట్టి బిగించి, తర్వాత లాగేస్తాను. పళ్లు గరగరమంటే కొంచెం టూత్‌పేస్టు రాసి తక్కువ వోల్టేజీ మీద తిప్పి, శుభ్రంగా కడిగేస్తాను. తిరిగే చప్పుడు వినే చెవి నాకు రివైండింగ్ పనిలోనే వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. మేలైన కార్లలో మోటారూ వెనక ఇరుసూ చాసీకి నేరుగా బిగించి ఉండవు. అవి వేరే చిన్న తొట్టెలో కూర్చుంటాయి, దాన్ని పాడ్ అంటారు. ఇటలీ కంపెనీలు స్లాట్.ఇట్, ఎన్‌ఎస్‌ఆర్ ఈ పద్ధతిలో ఆరితేరాయి. మోటారు పొడుగ్గానో, అడ్డంగానో, ఏటవాలుగానో కూర్చునేలా పాడ్‌లు మార్చుకోవచ్చు. పాడ్‌ను చాసీకి పట్టి ఉంచే మరలను పూర్తిగా బిగించకూడదు. బిగించి, అరచుట్టు నుంచి ఒక చుట్టు దాకా వెనక్కి తిప్పాలి. అప్పుడు పాడ్ కొంచెం ఊగుతుంది. ట్రాకు అతుకు దగ్గర ఎగుడుదిగుడు తగిలినా వెనక టైర్లు నేల వదలవు, ఆ కుదుపు గైడ్ దాకా పాకదు. పై బాడీ మరలు కూడా అంతే, వదులుగా ఉండాలి. మలుపులో బాడీ కాస్త పక్కకు వాలి, ఆ బరువు టైరు మీదికి మెల్లగా చేరుతుంది. ఊపితే కారు లొటలొటమంటుంది. డబ్బిచ్చి చేయించుకున్న కారు చప్పుడు చేస్తోందని కొత్తవాళ్లు ఫోన్ చేస్తారు. వదులుగా ఉంచింది కావాలనేనని, ముందు పది లాపులు తిప్పి చూడమని చెబుతాను. పాడ్ చుట్టూ అచ్చు తాలూకు రేకులాంటి అంచులు ఉంటే ఈ ఊగడం జరగదు, ఎక్కడో పట్టేస్తుంది. అందుకే పాడ్ అంచూ, దాని గూడు అంచూ సన్న ఆకురాయితో నున్నగా చేస్తాను. అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టేది ఇదే. లాపు సమయం ఎక్కువగా దిగేదీ దీంతోనే.

బరువు దగ్గర చాలామంది తికమక పడతారు. మా చిన్నప్పుడు ఎడ్లబండికి వడ్ల బస్తాలు సర్దేటప్పుడు కాడి మీద ఎంత ఆనాలో పెద్దవాళ్లు చూసుకునేవాళ్లు. తక్కువైతే కాడి పైకి లేస్తుంది, ఎక్కువైతే ఎడ్ల మెడలు పుండ్లవుతాయి. ఈ కారులో గైడే కాడి. ముక్కు మీద బరువు తక్కువైతే యాక్సిలరేషన్‌లో గైడ్ గాడిలోంచి లేస్తుంది, ఎక్కువైతే వెనక టైర్లకు పట్టు పోతుంది. సీసపు రేకు చిన్న ముక్కలు కత్తిరించి, మొదట మైనంతో అంటించి చూసి, చోటు కుదిరాక జిగురుతో అతికిస్తాను. ముందు చక్రాలు నేలను ముట్టీముట్టనట్టు ఉండాలి. కారును మోయాల్సింది గైడూ రెండు వెనక టైర్లూ. గైడ్‌కు వచ్చే తీగలు కూడా మెత్తని సిలికాన్ తీగలై ఉండాలి. బిరుసు తీగ గైడ్‌ను ఒకవైపే తిప్పి ఉంచుతుంది, కారు పడినప్పుడు తిరిగి గాడిలో పెట్టడం కష్టమవుతుంది.

కోనసీమలో ఈ పని చెయ్యడానికి ఇక్కడి గాలితో వేరే లెక్క ఉంది. మూడు పక్కలా గోదావరి పాయలు, నాలుగో పక్క సముద్రం. రాజోలు, సఖినేటిపల్లి వైపు ఇళ్లలో కిటికీ ఊచలు ఎలా తుప్పు పడతాయో అందరికీ తెలిసిందే. ఉక్కు ఇరుసును రాత్రి వట్టిగా వదిలేస్తే కొద్ది రోజుల్లో ఎర్రమచ్చలు. ప్రతి ఇరుసూ నూనె గుడ్డతో తుడిచి డబ్బాలో పెడతాను. పరీక్షకు మా మేడ మీది గదిలో కట్టుకున్న ట్రాకు ఎండీఎఫ్ పలకది. వానాకాలంలో ఎండీఎఫ్ తేమ పీల్చి ఉబ్బుతుంది, గాడి ఇరుకవుతుంది. కాయిళ్లకు వాడే ఇన్సులేషన్ వార్నిష్‌నే గాడి లోపలి అంచులకూ పలక అడుగునా పట్టించాను. రివైండింగ్ కొట్టులో వార్నిష్‌కు కొదవ ఏముంటుంది!

ఈ మధ్య త్రీడీ ప్రింటింగ్ చాసీలు ఎక్కువగా వస్తున్నాయి. కంప్యూటర్లో గీసి, నైలాన్ పొడితో పొరపొరగా అచ్చు వేస్తారు. పాత కారు బాడీకి సరిపడే కొత్త చాసీ దొరకనివాళ్లకు ఇది పెద్ద వరం. ఎంతోమంది డిజైనర్లు తమ చాసీలను షేప్‌వేస్ అనే కంపెనీ ద్వారా అమ్మేవాళ్లు, ఆ కంపెనీ 2024 జూలైలో దివాలా తీసింది. నైలాన్ కూడా తేమ పీలుస్తుంది. వచ్చిన చాసీని సిలికా జెల్ పొట్లాలతో మూత డబ్బాలో ఉంచి, బాగా ఆరాకే చదును చూస్తాను.

కానీ నా చేతులకు ఇష్టమైంది ఇత్తడి. ఇత్తడి పట్టీలు కోసి, రెండు పక్కలా పియానో తీగ వేసి, గైడ్ ఉండే చేతిని మడతబందు మీద విడిగా వేలాడేలా కడితే అది ట్రాకును అంటిపెట్టుకునే ఉంటుంది. బరువంతా నేలకు దగ్గరగా చేరుతుంది, సీసం అక్కర్లేదు. సోల్డర్ పెట్టేటప్పుడు ముక్కలు కదలకుండా చెక్కలో మేకులు దిగ్గొట్టి ఇరికిస్తాను. ఒక చోట వేడి పెడితే పక్క అతుకు కరిగిపోతుంది కాబట్టి తడిగుడ్డ ముక్క దాని మీద కప్పాలి. పూర్తయ్యాక గాజు మీద పెట్టి నాలుగు మూలలా నొక్కుతాను. ఎక్కడా టక్కుమనకపోతే ఆ రోజు అన్నం రుచిగా ఉంటుంది.

కారు తిరిగి పంపేటప్పుడు పెట్టెలో ఒక చీటీ పెడతాను. పినియన్ పళ్లు, గేరు పళ్లు, టైరు వ్యాసం, సీసం ఎక్కడ ఎన్ని గ్రాములు, ఇరుసుకు ఏ నూనె, అన్నీ రాసి ఉంటాయి. పాడ్ మరలు ఎంత వదలాలి అన్నచోట మాత్రం ఖాళీ. అది వాళ్ల ట్రాకు మీద వాళ్లే తేల్చుకుని రాసుకోవాలి. రాసిన చీటీని ఫొటో తీసి పంపమంటాను, వచ్చే కారుకు నాకు పనికొస్తుంది.