ఎదురుగా మనిషి ఉండాలి

జూలై 9, కడియపులంక
తెల్లారేసరికి పూల మార్కెట్‌కి వచ్చేశాను. ఓ మూల ఒకావిడ కనకాంబరాల దండ కడుతోంది. దారం కొసని కాలి బొటనవేలికి చుట్టుకుంది. రెండు పూలు ఇటు, రెండు అటు, తొడిమలు కలిపి పట్టి, ఒక మెలిక వేసి బిగించడం. చూపంతా బేరమాడేవాళ్ళ మీదే. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.
“నా బొమ్మెందుకండీ బాబూ?” అంది.
“చేతులు గీస్తున్నానమ్మా.”
“అయితే గీసుకోండి. నన్ను సాకుతున్నవి అవే కదా!”
ఆ మాట విన్నాక గీత గట్టిగా పడింది.

జూలై 11, రాజమండ్రి
దామెర్ల రామారావు చిత్రశాలలో ఒక పూటంతా గడిపాను. ఆ చిత్రకారుడు 1897లో ఈ ఊళ్ళోనే పుట్టారు. బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివారు. 1925లో మశూచి సోకి పోయారు. అప్పటికి 28 ఏళ్ళయినా నిండలేదు. ఆయన గీసిన ‘పుష్పాలంకరణ’ ముందు నిలబడితే కాలు కదలదు. బొంబాయి చదువుతో చెయ్యి తిరిగింది. ఏం గీయాలో మాత్రం మన మనుషులే చూపించారు.

జూలై 15, బస్సులో
ముందు సీట్లో ఒక పెద్దాయన నిద్రపోతున్నాడు. మెడ వాలిపోయింది, నోరు కాస్త తెరుచుకుంది. కుడిచెయ్యి మాత్రం సంచి పిడి వదల్లేదు. ఒళ్ళంతా నిద్రలో ఉన్నా ఆ చెయ్యి ఒక్కటే మేలుకుని ఉంది. ఆయన దిగేలోగా ఆ పిడికిలి వరకు గీశాను. మిగతాది లేకపోయినా బొమ్మ పూర్తయినట్టే.

జూలై 20
తోట వైకుంఠం గారి బొమ్మల పుస్తకం తిరగేస్తున్నాను. పెద్ద బొట్టు, నిండు రంగుల చీర, నల్లటి నిగనిగలాడే ఒళ్ళు. సొంతూరు బూరుగుపల్లిలో ఆయన చిన్నప్పుడు చూసిన అమ్మ, ఊరి నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్ళు ఆ బొమ్మలకు మూలం. చిన్ననాడు కళ్ళారా చూసినవాళ్ళు కనుకనే వాళ్ళకి అంత నిబ్బరం.

జూలై 27
పోయిన భర్త బొమ్మ వేయమని ఒకావిడ పాస్‌పోర్ట్ సైజు ఫొటో తెచ్చారు. అందులో ముక్కూ కళ్ళూ ఉన్నాయి గానీ మనిషి లేడు. ఎలా కూర్చునేవారని అడిగాను. “కళ్ళజోడు నుదుటి మీదికి తోసేసి, ఇల్లంతా వెతికేవారు” అని నవ్వారు, వెంటనే కళ్ళు తుడుచుకున్నారు. కళ్ళజోడు నుదుటి మీదే ఉంచి వేస్తాను.

ఆగస్టు 1
బొమ్మలు నేర్చుకునే పిల్లలు ప్రేరణ ఎక్కడ దొరుకుతుందని అడుగుతుంటారు. ఫోన్‌లో ఫొటో పెట్టుకుని గీస్తే పోలిక వస్తుంది, కాదనను. కానీ ఫొటో మీతో మాట్లాడదు, చెయ్యి కదపదు, మీ గీతని సరిదిద్దదు. స్కెచ్ బుక్ పట్టుకుని రైతుబజారుకి వెళ్ళండి, బస్టాండులో కూర్చోండి. పనిలో ఉన్న మనిషిని చూడండి. అడిగి గీయండి, గీసింది వాళ్ళకి చూపించండి. మనుషుల మీద ప్రేమ లేకుండా మనుషుల బొమ్మ రాదు.